పెట్ట రెక్క కింది వెచ్చదనం పెట్టెలోకి ఎలా వస్తుంది?

ప్రశ్న: సార్, మాది చింతపల్లి మండలంలో లంబసింగికి దగ్గరలో ఉన్న చిన్న ఊరు. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని నవంబరు చివర్లో 60 వనరాజా (పెరట్లో పెంచే కోళ్ళ రకం) కోడిపిల్లలు తెచ్చాను. ఒకరోజు పిల్లలు. నర్సీపట్నంలో సాయంత్రం బస్సెక్కితే ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. పాకలో ఊక పోసి, చుట్టూ టార్పాలిన్ పట్టా బిగించి కట్టి, రెండు ఎల్‌ఈడీ బల్బులు వేలాడదీశాను. మొదటి రాత్రే 4 పోయాయి. మర్నాడు రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ఒక మూల కుప్పగా పడి 11 చచ్చి ఉన్నాయి. ఐదో రోజు 5, ఆరో రోజు 3 పోయాయి. ఇప్పుడు 37 మిగిలాయి, వాటికి తొమ్మిదో రోజు. చలికాలంలో కోళ్ళ జోలికి పోవద్దని మా ఆయన అంటున్నారు. మా అత్తగారేమో, ‘మా రోజుల్లో కరెంటే లేదు, చలి ఇంతకంటే ఎక్కువే, అయినా పెట్ట పిల్లల్ని వేసుకుని ఆ పాకలోనే ఉండేది, ఇన్ని చావులు నేను చూళ్ళేదు’ అంటున్నారు. అది నిజమేనా? ఉన్నవాటిని ఎలా కాపాడుకోవాలి? కరెంటును నమ్ముకోకుండా ఇంకో బ్యాచ్ వేయగలనా?

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట నిజం. మీకు చెప్పాల్సిందంతా ఆ మాటలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ ఊళ్ళో పిల్లల కోడి ఎవరింట్లోనైనా ఉంటే రేపు పొద్దున ఆరింటికి, మంచు ఇంకా విడవకముందే వెళ్ళి దాని దగ్గర కాసేపు కూర్చోండి. పెట్ట ఈకలు పొంగించుకుని నేలకు అతుక్కుని కూర్చుని ఉంటుంది. వీపు మీద ఈకల చివర మంచు చుక్కలు కనబడతాయి. రెక్క కింద నుంచి ఒక పిల్ల తల బయటపెట్టి చూస్తుంది. కాసేపటికి బయటికొచ్చి రెండు గింజలు పొడుచుకుని, ఒళ్ళు చల్లబడగానే పరుగున మళ్ళీ లోపల దూరుతుంది. ఆ పాకలో చలి ఏడు డిగ్రీలుందో ఐదుందో దానికి పట్టదు. దానికి కావలసింది జానెడు చోటు. ఆ చోటు మాత్రం వెచ్చగా, పొడిగా, చీకటిగా ఉండాలి. వీపుకు ఏదో మెత్తగా తగులుతూ ఉండాలి. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. పొదుగుడుకు కూర్చున్న పెట్టకు పొట్ట కింద ఈకలు రాలిపోయి చర్మం బయటపడుతుంది. ఆ చర్మం నేరుగా పిల్లల వీపులకు ఆనుతుంది.

మీరు పాకంతా వేడెక్కించాలని చూశారు. అది రెండు బల్బులతో అయ్యే పని కాదు, పది బల్బులతోనూ కాదు. ఈసారి పాకను దాని మానాన వదిలేసి, ఆ జానెడు చోటు మాత్రం తయారుచేద్దాం.

ముందు, ఆ 23 పిల్లలు ఎందుకు పోయాయో మీకు తెలియాలి. లేకపోతే మీలో భయం పోదు. ఇవి ఒక్క జబ్బుతో పోయినవి కావు. అప్పుడే పుట్టిన పిల్ల 40 గ్రాములుంటుంది. మొదటి రెండు వారాలు తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు, దాని మీదున్న నూగు చలికి ఆగదు. మీ పిల్లలు రాత్రిపూట ఘాటు రోడ్డు మీద బస్సులో వచ్చాయి. ఇల్లు చేరేటప్పటికే బాగా చల్లబడిపోయి ఉంటాయి. మొదటి రాత్రి పోయిన నాలుగూ అవే. రెండో రాత్రి కరెంటు పోగానే వెచ్చదనం కోసం అన్నీ ఒకేచోటికి తోసుకొచ్చాయి. పాకకు మూల ఉంది కాబట్టి ఆ మూలలో కింద ఉన్నవాటికి ఊపిరాడలేదు. ఆ 11 పిల్లలు చలికంటే ఆ తోపులాటకే చనిపోయాయి.

ఐదారు రోజులకు పోయిన 8 పిల్లల గురించి చాలామంది పొరబడతారు. వాటి పొట్ట ఉబ్బి, బొడ్డు దగ్గర తడిగా గానీ నల్లగా గానీ ఉందేమో గుర్తు చేసుకోండి. గుడ్డులో మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోనే ఉండి, మొదటి రెండు మూడు రోజులు దానికి ఆహారమవుతుంది. ఒళ్ళు చల్లబడితే ఆ సొన సరిగా అరగదు, లోపలే పాడైపోతుంది. అందుకే మొదటి రాత్రి తగిలిన చలి ఐదో రోజున చావై కనబడుతుంది. అప్పుడు షాపుకు పరిగెత్తి ఏదో పొడి తెచ్చి నీళ్ళలో కలుపుతారు. ఆ పొడి పోయిన వేడిని తిరిగి తేలేదు. మీ పిల్లలు ఆ గండం దాటాయి. తొమ్మిదో రోజుకు చేరి తిరుగుతున్న 37 పిల్లలు గట్టివే, వాటి రెక్కల్లో ఈకలు కూడా మొదలై ఉంటాయి.

బల్బుల సంగతి. పుస్తకాల్లో పిల్లకు ఒకటి రెండు వాట్ల చొప్పున బల్బు పెట్టమని ఉంటుంది. అది వెనకటి ఫిలమెంటు బల్బుల లెక్క. అవి తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని వేడిగానే వదిలేవి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలుగైతే బాగానే ఇస్తుంది, పిల్లకు తగిలే వేడి మాత్రం దాదాపు ఇవ్వదు. ఇప్పుడు షాపుల్లో పాత బల్బులు దొరకడం తగ్గింది, వాటి చోట ఎల్‌ఈడీ పెట్టి ‘బల్బు వెలుగుతూనే ఉంది కదా, ఎందుకు చస్తున్నాయి’ అని బాధపడేవాళ్ళను మన్యంలో ఎంతోమందిని చూశాను. మీ తప్పు లేదమ్మా, ఎవరూ చెప్పలేదు. ఆ బల్బులు అలాగే ఉంచండి, పిల్లలు మేత, నీళ్ళు చూసుకోవడానికి పనికొస్తాయి.

ఇప్పుడు ఈ రాత్రికి చేయాల్సిన పని. సాయంత్రం నాలుగు లోపు మొదలుపెట్టండి.

18 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, అడుగు ఎత్తు ఉండే రెండు పెట్టెలు కావాలి. చెక్కవైనా సరే, గట్టి అట్టవైనా సరే. ఒక్కో దాంట్లో 18, 19 పిల్లలు పడుకుంటాయి. రెంటినీ నేల మీద నేరుగా పెట్టకండి. మట్టినేల రాత్రంతా పిల్ల పొట్టలోంచి వేడిని లాగేస్తుంది. ముందు నాలుగు ఇటుకల మీద ఒక చెక్క పరిచి, దాని మీద మడత పెట్టిన గోనెసంచి వేసి పెట్టెను దాని మీద పెట్టండి. పెట్టె లోపల రెండు అంగుళాల మందాన పొడి ఊక పోయండి. మూలల్లో ఎండుగడ్డి కుక్కి, పైన అట్టముక్క వంచి పెట్టి గుండ్రంగా చేయండి. మూల లేకపోతే కుప్పపడి ఊపిరాడకుండా పోయే ప్రమాదం చాలా వరకు తగ్గుతుంది. పెట్టె బయట మూడు వైపులా వరిగడ్డి దట్టంగా కట్టి, గోనెతో చుట్టేయండి. గడ్డి బాగా ఎండినదై ఉండాలి. బూజు వాసన వచ్చే గడ్డి లోపలా బయటా ఎక్కడా వద్దు, ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే మందు లేదు.

ముఖ్యమైనది పైకప్పు. పాత ఉన్ని దుప్పటిగానీ గొంగళిగానీ తీసుకుని, పెట్టె అంచుల మీద పరిచి, మధ్యలో కిందికి వేలాడేలా వదలండి. మీ పిల్లల వయసుకు ఊక మీద నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో ఆ వేలాడే భాగం ఉంటే చాలు. పిల్ల కూర్చుంటే వీపుకు ఆనాలి, నిలబడితే తలతో తోసుకుని పోగలగాలి. పెట్ట పొట్ట చేసే పని ఇక్కడ ఆ దుప్పటి చేస్తుంది. 19 పిల్లలు ఒంటికి ఒళ్ళు ఆనించి కూర్చుంటే వాటి నుంచి వచ్చే వేడి పైకి పోకుండా అక్కడే నిలుస్తుంది. దుప్పటి చివర దారాలు ఊడి ఉంటే కత్తిరించి మడిచి కుట్టండి. దారం పిల్ల కాలికి చుట్టుకుంటే తెల్లారేసరికి కాలు వాచిపోతుంది. అంచుల దగ్గర ఎక్కడో ఒకచోట రెండు వేళ్ళు పట్టే సందు వదలండి, లోపలి తేమ అందులోంచి పోవాలి. పెట్టెకు ఒక వైపు కింద ఐదు అంగుళాల వాకిలి కోసి, పాత గుడ్డ పట్టీలు రెండు మూడు వేలాడదీయండి. పిల్లలు వాటిని తోసుకుని వచ్చిపోతాయి.

ఇది నేను కనిపెట్టింది కాదు. కరెంటు ఇంకా పల్లెలకు రాని రోజుల్లో, 1900 దాటిన కొత్తలో, అమెరికాలో చలి ప్రాంతపు రైతులు నిప్పు లేకుండా పిల్లల్ని పెంచడానికి ఇలాంటి దుప్పటి పెట్టెలే వాడారు. వాళ్ళూ పెట్టను చూసే నేర్చుకున్నారు.

మీ చలికి పెట్టె ఒక్కటే చాలదు. పిల్లల వయసుకు రెండో వారంలో వీపు దగ్గర 32 డిగ్రీలు కావాలి. మొదటి వారం 35, అక్కడి నుంచి వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలని లెక్క. రాత్రి చలి ఐదారు డిగ్రీలకు పడిపోయే ఊళ్ళో ఈ వయసు పిల్లలకు కొంచెం సాయం ఇవ్వాలి. అది వేడినీళ్ళతో ఇద్దాం.

ఐదు లీటర్ల స్టీలు పాలక్యాను ఉంటే తీసుకోండి. మూత గట్టిగా పట్టాలి. రెండు పెట్టెలనూ వాకిళ్ళు బయటి వైపుకు ఉండేలా పక్కపక్కన పెట్టి, మధ్యలో క్యాను పట్టేంత ఖాళీ వదలండి. ఆ ఖాళీ వైపు గోడలకు గడ్డి కట్టొద్దు, పలచగా ఉండనివ్వండి. క్యానులో బాగా కాగిన నీళ్ళు పోసి ఆ ఖాళీలో రెండు గోడలకూ ఆనేలా దించి, క్యాను మీద, గోడల మీద కలిపి ఒక మందపాటి బొంత కప్పండి. పిల్లలు క్యానును ముట్టుకోవు కాబట్టి కాలవు, నీళ్ళు ఒలికినా వాటి మీద పడవు. ఐదు లీటర్ల నీళ్ళు 80 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చల్లారేలోపు ఇచ్చే వేడి, 40 వాట్ల బల్బు ఆరు గంటలు ఇచ్చే వేడికి సమానం. కొందరు రాయి గానీ ఇటుక గానీ కాల్చి పెడతారు. అంతే బరువున్న ఇటుక కంటే నీళ్ళు దాదాపు ఐదు రెట్లు వేడిని దాచుకుంటాయి, అందుకే నేను నీళ్ళే చెబుతాను. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి పోయండి, మూడింటికి లేచి ఇంకోసారి. మూడు నుంచి ఆరు మధ్య చలే పిల్లలకు గండం. అలారం పెట్టుకుని లేవండి, ఇంట్లోవాళ్ళు వంతులు వేసుకోండి. వారం పది రోజులే ఈ కష్టం.

మీ ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే, ఆ పొయ్యి వెనక గోడకు అవతలి గదిలో పెట్టెలు పెట్టడం ఇంకా మేలు. మట్టిగోడ సాయంత్రం వంట వేడిని అర్ధరాత్రి దాకా నిలుపుకుంటుంది. పొగ మాత్రం ఆ గదిలోకి రాకూడదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టొద్దు. చాలా ఏళ్ళ కిందట ఒక డిసెంబరు రాత్రి నేను ఆ పని చేశాను. పిల్లలున్న గదిలో కుంపటి పెట్టి, కిటికీలు మూసి, పక్కనే మంచం వేసుకుని పడుకున్నాను. తెల్లవారుజామున తల పగిలిపోయే నొప్పితో మెలకువ వచ్చింది, లేస్తే కాళ్ళు నిలవలేదు. ఎలాగో తలుపు తీసి బయట పడ్డాను. గదిలో ఉన్న 30 పిల్లల్లో ఒక్కటీ లేవలేదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పొగ రాని ఎర్రటి నిప్పులు కూడా దాన్ని వదులుతాయి. ఆ రోజు పిల్లలతోపాటు నేనూ పోవాల్సినవాణ్ణి. దయచేసి ఇది మాత్రం మరిచిపోకండి, మీ గ్రూపులో అందరికీ చెప్పండి.

ఫిలమెంటు బల్బు దొరికి వాడాలనుకుంటే, దాన్ని ఈ గడ్డి దుప్పటి పెట్టె దగ్గరికి తేవద్దు. గడ్డి, గుడ్డ, వేడి బల్బు ఒక్కచోట ఉంటే పాక అంటుకుంటుంది. రెంటిలో ఏదో ఒకటే పద్ధతి.

మీ టార్పాలిన్ గురించి. పొద్దున పట్టాను లోపలి వైపు చేత్తో తడిమి చూడండి, చెయ్యి తడుస్తుంది. పిల్లల ఊపిరి, రెట్ట, ఒలికిన నీళ్ళు, అన్నిటి తేమా పైకి పోయే దారి లేక పట్టాకు చుక్కలుగా పట్టి మళ్ళీ ఊక మీదే రాలుతుంది. తడిసిన ఊక మీద కూర్చున్న పిల్లకు ఎంత వేడి ఇచ్చినా నిలవదు. పైగా ఆ తడిలో రెట్ట కుళ్ళి కళ్ళు మండే వాసన వస్తుంది. మీరు కిందికి వంగి పిల్లల ఎత్తులో ముఖం పెట్టి పీల్చండి. మీకు కళ్ళు మండితే వాటికి రోజంతా మండుతున్నట్టే. మూడో వారం దాటాక ఆ తడిలోనే రక్త విరేచనాల జబ్బు మొదలవుతుంది. అందుకే పట్టాను నేల నుంచి మూడు అడుగుల ఎత్తు దాకా గట్టిగా కట్టండి, ఈదురుగాలి పిల్లల మీదికి రాకూడదు. ఆ పైన కప్పు కింద జానెడు సందు చుట్టూ వదిలేయండి. చలి లోపలికి వస్తుందని టెన్షన్ పడకండి. గాలి పైనుంచి పోతుంది, మీ పిల్లలు దుప్పటి కింద ఉంటాయి. తడిసిన ఊకను రోజూ చేత్తో తీసి పారేసి పొడి ఊక చల్లండి. ఎలుకలు, ముంగిసలు రాకుండా రాత్రి పెట్టెల చుట్టూ సన్న కన్నాల ఇనుప వల పెట్టండి.

మొదటి రెండు మూడు సాయంత్రాలు పిల్లలకు ఆ వాకిలి ఏమిటో తెలియదు. బయటే గుంపుగా చేరి అరుస్తాయి. చీకటి పడకముందే ఒక్కొక్కదాన్నీ చేత్తో పట్టి లోపలికి తోయండి, బయట లైటు ఆర్పేయండి. మూడో రోజుకు అవే దూరతాయి. పగలు మేత, నీళ్ళు వాకిలికి రెండు మూడు అడుగుల దూరంలో ఉంచితే, తిని, చలేస్తే లోపలికి పోయి, మళ్ళీ వస్తాయి. ఇలా వచ్చిపోతూ పెరిగిన పిల్లలకు ఈకలు కూడా త్వరగా, ఒత్తుగా వస్తాయి.

థర్మామీటరు ఉంటే మంచిదే, లేకపోయినా పర్వాలేదు. రాత్రి పది దాటాక పెట్టె దగ్గర చెవి పెట్టి వినండి. హాయిగా ఉన్న పిల్లలు నెమ్మదిగా, సన్నగా, మధ్యమధ్యలో గొణుగుతున్నట్టు చప్పుడు చేస్తాయి, లేదా అసలే చేయవు. చలిగా ఉంటే ఆపకుండా గట్టిగా, ఒకే శృతిలో అరుస్తాయి. ఆ అరుపు వినబడితే తెల్లారే దాకా ఆగొద్దు, లేచి నీళ్ళు మార్చండి. దుప్పటి ఒక మూల ఎత్తి చూసినప్పుడు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. నోళ్ళు తెరిచి వాకిలి దగ్గరికి చేరితే వేడి ఎక్కువైంది, దుప్పటి కాస్త ఎత్తండి. ఇంకొక పరీక్ష నాకు చాలా నమ్మకమైనది. పిల్లను చేతిలోకి తీసుకుని దాని పాదాలు మీ చెంపకు ఆనించండి. వెచ్చగా తగిలితే నిశ్చింత. చల్లగా తగిలితే ఆ పిల్లకు పొట్టలో కూడా చలి చేరుతోందని అర్థం. రోజూ ఐదారు పిల్లలను ఇలా చూడండి. అదే సమయంలో వెనక భాగంలో రెట్ట అంటుకుని గట్టిపడిందేమో కూడా చూసి, గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డతో మెల్లగా నానబెట్టి తుడవండి. లాగితే చర్మం ఊడుతుంది.

మేత దగ్గర పొదుపు చేయకండి. చలిలో పిల్ల తిన్న దాంట్లో చాలా భాగం ఒంటి వేడికే ఖర్చవుతుంది. నూకలు, చోళ్ళు (రాగులు) మాత్రమే వేస్తే పొట్ట నిండుతుంది గానీ ఈక రాదు, ఈక మాంసకృత్తులతో తయారవుతుంది. మొదటి ఆరు వారాలు 20 శాతం మాంసకృత్తులుండే పిల్లల దాణానే పెట్టండి, నూకలు మధ్యాహ్నం కొసరుగా మాత్రమే. పడుకునే ముందు పొట్టలు నిండి ఉండాలి. చీకటి పడే వేళ మెడ కింద మేత నిలిచే సంచిని వేలితో తడిమి చూస్తే తెలిసిపోతుంది, మెత్తగా నిండుగా ఉండాలి. నీళ్ళు పొద్దునా సాయంత్రం గోరువెచ్చగా చేసి పోయండి. గిన్నెలో గులకరాళ్ళు వేయండి, పిల్ల అందులో దిగి తడిస్తే ఆ రాత్రి బతకడం కష్టం.

మంచు విడిచి ఎండ వచ్చాక, మీ వైపు పదింటి తర్వాత అనుకుంటాను, గాలి లేని రోజున అరగంట ఎండలో వదలండి. పైన వల కప్పండి, గద్దలకూ కాకులకూ ఈ సైజు పిల్లలంటే మహా ఇష్టం. రోజుకు కాస్త పెంచుకుంటూ పోండి. మూడో వారానికి ఈ పెట్టె చాలదు, ఒక పక్క గోడ తీసేసి పెద్దది చేయండి, దుప్పటి ఎత్తు పెంచండి, రాత్రి మూడింటి నీళ్ళు ఆపి చూడండి. అరుపులు లేకపోతే తొమ్మిదింటి నీళ్ళు కూడా నాలుగో వారం చివరికి ఆపొచ్చు. వీపు మీద, రొమ్ము మీద నూగు పోయి ఈకలు నిండాకే దుప్పటి తీయాలి. క్యాలెండరు చూసి తీయకండి, పిల్లను చేత్తో పట్టుకుని చూసి తీయండి. ఆరో వారం వచ్చేదాకా పెరట్లో పూర్తిగా వదిలేయొద్దు, వనరాజాకు ఆ మాత్రం నర్సరీ అవసరం.

ఇంకో బ్యాచ్ గురించి అడిగారు. జనవరిలో ఒకరోజు పిల్లల్ని తెచ్చి ఈ పెట్టెల్లోనే పెంచమని నేను చెప్పను. మొదటి వారానికి 35 డిగ్రీలు కావాలి, అది వేడినీళ్ళతో నిలపాలంటే రాత్రికి నాలుగుసార్లు లేవాలి. ఒకసారి లేవకపోతే మళ్ళీ అదే నష్టం. మీకు రెండు దారులున్నాయి. ఫిబ్రవరి రెండో వారం దాకా ఆగి, చలి తగ్గాక తెచ్చుకోవడం ఒకటి. అప్పుడు ఇదే పెట్టెతో సులువుగా గడిచిపోతుంది. అంతకు ముందే కావాలంటే, ఆరు వారాలు నర్సరీలో పెరిగిన పిల్లలు దొరికితే ధర ఎక్కువైనా తెచ్చుకోండి.

ఆ ఫిబ్రవరి బ్యాచ్‌కు మీ అత్తగారి సాయం తీసుకోమని నా మాట. వనరాజా పెట్టలు గుడ్లు పెడతాయి గానీ పొదుగుడుకు కూర్చోవు. మీ ఊళ్ళో నాటు పెట్టలు కూర్చుంటాయి. మూడు నాలుగు నాటు పెట్టలు పొదుగుడుకు వచ్చినప్పుడు ఒక్కోదాని కింద నాలుగైదు గుడ్లు పెట్టండి. 21 రోజులకు పిల్లలవుతాయి. ఆ రోజుకు సరిపోయేలా మీ ఒకరోజు పిల్లలు ఇంటికి చేరాలి. చీకటి పడ్డాక, లైటు వేయకుండా, పెట్ట పొట్ట కిందికి ఒక్కో పిల్లనూ మెల్లగా జరపండి. తెల్లారేసరికి అన్నీ దాని పిల్లలే. చలిలో పెట్టకు మొత్తం 12 పిల్లలు మించొద్దు, అన్నీ రెక్కల కింద పట్టాలి. ఇది ఒకటి రెండు రోజుల పిల్లలతోనే సాగుతుంది. ఇప్పుడున్న తొమ్మిది రోజుల పిల్లల్ని పెట్ట కిందికి తోస్తే పొడిచి చంపేయొచ్చు, ఆ ప్రయత్నం చేయకండి. పెట్ట ఎప్పుడు కూర్చుంటుంది, ఏది మంచి తల్లి, ఏది పిల్లల్ని తొక్కేస్తుంది, ఇవన్నీ మీ అత్తగారికి నాకంటే బాగా తెలుస్తాయి.

పిల్లల్ని తెచ్చేటప్పుడు పొద్దున బస్సుకే రండి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. పెట్టె కన్నాలు మూసుకుపోయేలా పాలిథిన్ చుట్టొద్దు, పలచని గుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకోండి. అవి చేరేటప్పటికే పడక వేడెక్కి ఉండాలి, పిల్లలు వచ్చాక ఏర్పాట్లు మొదలుపెట్టకూడదు. రాగానే లీటరు గోరువెచ్చని నీళ్ళలో 50 గ్రాముల బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కునూ ఒకసారి అందులో ముంచి వదలండి. నీళ్ళు తాగాకే మేత.

ఇక ఉన్న 37 పిల్లలకు టీకా. ఏడో రోజున వేయాల్సిన కొక్కెర తెగులు చుక్కల మందు, లసోటా, ఈ గొడవలో మీరు వేసి ఉండరు. నీరసంగా ఉన్న పిల్లకు టీకా వేయకూడదు. కాబట్టి ఈ పెట్టెల్లో రెండు రాత్రులు వెచ్చగా పడుకుని, మేత బాగా తిని, చురుగ్గా తిరుగుతున్నాక పదకొండో రోజునో పన్నెండో రోజునో వేయించండి. పద్నాలుగో రోజున గంబోరో అనే ఇంకో జబ్బుకు టీకా ఉంటుంది, రెంటికీ మధ్య ఎంత ఎడం ఇవ్వాలో మీ పశువైద్యశాలలో డాక్టరుగారిని అడిగి తేదీ రాయించుకోండి. వెళ్ళేటప్పుడు ఐసు వేసిన ఫ్లాస్కు తీసుకెళ్ళండి, దారిలో మందు వేడెక్కితే పనిచేయదు. చుక్కలు వేసేది సాయంత్రం, పిల్లల్ని లోపలికి తోసే వేళకు పెట్టుకోండి. ఎలాగూ ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుంటారు, ఆ చేత్తోనే కంట్లో ఒక చుక్క వేసి, అది లోపలికి దిగే దాకా ఆగి, పాదాలు చెంపకు ఆనించి చూసి, దుప్పటి కిందికి వదిలేయండి.